నాలుగో వరస

ఉగాది వెళ్లి ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున మా భిక్షపతి చాయ్ గ్లాసు అందుకోబోయి, దాని పక్కనున్న గాలిని పట్టుకున్నాడు. గ్లాసు ఉన్నచోటే ఉంది. వాడి చెయ్యి దానికి రెండు వేళ్ల దూరంలో ముడుచుకుంది. వెంటనే సర్దుకొని, చెయ్యి జరిపి గ్లాసు తీసుకొని, ఏమీ కానట్టు ఊదుకుంటూ తాగాడు. కోడలు ఆండాలు పొయ్యి వైపు తిరిగి ఉంది. మనవరాలు నందిని జడ వేసుకుంటోంది. చూసింది నేనొక్కదాన్నే.

ఇంకొకరైతే నిద్రమత్తు అనుకుందురు. కానీ నా కొడుకు ఆటో నడుపుతాడు. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో, ఫ్లైఓవర్ కింద, బస్సుకూ బస్సుకూ మధ్య సందు చూసుకొని దూరిపోయే పని. ఆ పనిలో రెండు వేళ్ల దూరమంటే ఎంతో నాకు తెలియదా?

వాడు బయట ఆటో అద్దం తుడుస్తుంటే వెనకే వెళ్లి నిలబడ్డాను.

“ఎన్ని దినాల సంది?” అని అడిగాను.

“ఏంది?”

“కన్ను.”

తుడిచే గుడ్డ ఆగలేదు. “దసర సంది” అన్నాడు. “ఆండాలుకు చెప్పకే అమ్మా.”

మిగతా సంగతి రెండు మూడు రోజులకు ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చింది. ఒంట్లో షుగరు కంటికి ఎక్కింది. కుడికన్ను పొగ పట్టిన లాంతరు గాజులా అయిపోయింది, ఎడమది ఇంకా కొంత పనిచేస్తోంది. పెద్దాసుపత్రిలో కంట్లోకి సూదులు వేయాలన్నారు, బండి నడపొద్దన్నారు. సూదులు రెండుసార్లు వేయించుకున్నాడు. రెండో మాట మాత్రం విననట్టు వచ్చేశాడు.

ఆషాఢంలో వాడి లైసెన్సు గడువు తీరిపోతుంది. సొంత బండి నడుపుకునేవాళ్ల లైసెన్సు వేరు, ప్యాసింజర్లను ఎక్కించుకునేవాళ్లది వేరు. ఈ రెండోదాన్ని ఐదేళ్లకోసారి కొత్తగా చేయించుకోవాలి. చేయించుకోవాలంటే కళ్లు బాగున్నాయని డాక్టరు కాగితం రాసివ్వాలి. ఆ కాగితం రాకపోతే, పందొమ్మిదేళ్లుగా మాకు అన్నం పెట్టిన బండి ఇంటి ముందు మంచంలా పడి ఉంటుంది.

ఆండాలుకు ఎందుకు చెప్పొద్దన్నాడో కూడా చెప్పాలి. అంతకు ముందటేడు ఆడవాళ్లకు ఆటో నేర్పిస్తామని ఒక సంఘం వాళ్లు వస్తే, కుట్టుపని నేర్చుకుంటున్నానని మాకు చెప్పి రెండు నెలలు అక్కడికి పోయింది. లైసెన్సు చేతికొచ్చాకే తెచ్చి మొగుడి ముందు పెట్టింది. వాడు ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, “ఫోటో మంచిగ పడ్డది” అని తిరిగి ఇచ్చేశాడు. అంతే, కార్డు దేవుడి పటం వెనక్కి పోయింది. అది సొంత బండికే పనికొస్తుంది. ఏడాది నిండితే ప్యాసింజర్ల లైసెన్సుకు పెట్టుకోవచ్చట. ఆ ఏడాది కాస్తా ఈ చైత్రంలోనే నిండింది. ఆండాలు పైకి ఏమీ అనలేదు గానీ, ఖాకీ గుడ్డ తెచ్చి పెట్టె అడుగున దాచడం నేను చూశాను.

అప్పుడు నేను నా కొడుకు వైపే ఉన్నాను. కోడలు ఖాకీ వేసుకొని ఆటో అడ్డా మీద నిలబడితే, మొగుడు ఇంట్లో కూర్చుంటే, నలుగురూ ఏమంటారోనని నాకూ భయమే. దానికంటే ఎక్కువ, వాడు తన భయాన్ని నాకొక్కదానికే చెప్పాడన్న మురిపెం.

ఆ ఎండాకాలమంతా నా కాళ్లు ఒకచోట నిలవలేదు. మాది ఇస్త్రీ పని. ఇంటి ముందు బల్ల వేసుకొని ఇప్పటికీ చేస్తాను. ఒక చొక్కా చేసి గల్లీ చివరిదాకా పోయి వచ్చేదాన్ని, ఇంకోటి చేసి మళ్లీ పోయేదాన్ని. ఏ ఆటో సప్పుడైనా మావాడిదేమోనని చూడటమే. ఒకరోజు అట్లాగే పోయి వచ్చేసరికి ఎవరిదో పంట్లాము మీద ఇస్త్రీ పెట్టె ముద్ర పడిపోయింది.

ఇస్సాకు అని మావాడి అడ్డాలోనే నడుపుతాడు, వాడికంటే పెద్దవాడు. ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కాలు నాకే తెచ్చి ఇస్తాడు. వాడికి భిక్షపతే చెప్పుకున్నట్టున్నాడు. ఒక మధ్యాహ్నం వచ్చి బల్ల పక్కన చతికిలబడి, గొంతు తగ్గించి ధైర్యం చెప్పాడు.

“గింత ఫికర్ ఎందుకు పెద్దమ్మా? కాగితమిచ్చే డాక్టర్ కాడ కండ్లు చూసే బోర్డు ఒక్కటే. పోయినేడు నేను పోయిన, మొన్న మా బామ్మర్ది పోయిండు. గోడకు గదే బోర్డు, గదే మొల.”

ఆ బోర్డు మీద అక్షరాలుండవట. మాలాంటి చదువురానివాళ్లు కూడా వస్తారు కదా. మూడు పళ్లే మిగిలిన దువ్వెనలాంటి గుర్తులుంటాయి. దువ్వెన పళ్లు మీదికి ఉంటే చెయ్యి మీదికి చూపాలి, కిందికి ఉంటే కిందికి, కుడికి ఉంటే కుడికి. మొదటి వరసలో ఒకటే పెద్ద దువ్వెన. దిగుతున్నకొద్దీ దువ్వెనలు ఎక్కువవుతాయి, చిన్నవవుతాయి. మొత్తం ఆరు వరసలు. అడ్డాలో ఉన్నవాళ్లలో సగం మందికి ఆ ఆరూ నోటికి వచ్చునట.

“రాసుకుంటవా?” అని ఇస్సాకు నందిని నోటుపుస్తకం వైపు చూశాడు.

నాకు నవ్వొచ్చింది. నా పెళ్లయినప్పటి నుంచి నలభై ఇళ్ల బట్టలు మూట కట్టి తెచ్చాను. అందరూ గుడ్డ అంచుకు సిరా గుర్తు పెడతారు, నేను ఒక్కదానికీ పెట్టలేదు. ఏ జాకెట్టు ఏ ఇంటిదో, ఏ లుంగీ ఏ అన్నదో, గుండీ ఊడినచోట ఏ రంగు దారంతో కుట్టారో అన్నీ తలలోనే. ఒక్కటంటే ఒక్కటి తారుమారు కాలేదు. ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి కళ్లు మూసుకొని ఒక్కసారి చెప్పమన్నాను. వాడు చెప్పాడు. కళ్లు తెరిచి ఆరు వరసలూ చేత్తో చూపించాను. ఇస్సాకు లేచి, సిలువ గుర్తు వేసుకొని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి పొద్దున్నే ఆండాలు నీళ్లకు పోయినప్పుడు మా చదువు మొదలయ్యేది. నేను అంటాను, వాడు చెయ్యి చూపుతాడు. నాలుగో వరస నాకు బాగా నచ్చేది. మీదికి, ఎడమ, కిందికి, కుడి. గడియారం వెనక్కి తిరిగినట్టు ఉంటుంది. నలభై ఆరేళ్ల కొడుకు బల్ల ముందు నిలబడి చేతులు తిప్పుతుంటే, తప్పు పోయినప్పుడు నాలుక కరుచుకుంటుంటే, వాడికి మాటలు నేర్పిన రోజులు మళ్లీ వచ్చినట్టనిపించేది. ఒకరోజు ఆండాలు బిందె చంకన పెట్టుకొని తొందరగా వచ్చేసింది.

“ఏందత్తమ్మా,” అంది. “తల్లీకొడుకులు ఇద్దరే బతుకమ్మ ఆడుతున్నరు?”

వాడి భుజం పట్టేసిందని, కసరత్తు చేయిస్తున్నానని చెప్పాను. నమ్మినట్టే తల ఊపి లోపలికి పోయింది. ఆండాలు నమ్మినప్పుడు మాట్లాడుతుంది. నమ్మనప్పుడే తల ఊపుతుంది.

వైశాఖం చివర్లో ఇంట్లో లొల్లి అయ్యింది. ఆండాలు ప్యాసింజర్ల లైసెన్సుకు కాగితాలు పెట్టి వచ్చానని చెప్పింది. పోలీసుల విచారణ కూడా అయిపోయిందట. ఇక పరీక్షకు బండి కావాలి.

“నా బండి కాకుండ యాడన్న చూస్కో” అన్నాడు భిక్షపతి. “ఒక్క ఇంట్ల ఒక్కరు నడిపితె సాలు.”

“ఆ ఒక్కరికి ఏమన్న అయితెనో?”

“ఏమైతది నాకు?”

వాడు కంచం జరిపి లేచిపోయాడు. వాడు తినకుండా పోయాడన్న కోపంతో నేను కోడలిని నాలుగు మాటలన్నాను. మొగుడి బతుకుదెరువు మీద కన్నేశావని కూడా అన్నాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అన్నాను. ఆమె వాడు వదిలిన కంచంలో అన్నం చూసుకుంటూ ఒకటే అంది.

“రాత్రి అన్నంల నీళ్లు పోసుకున్నడు అత్తమ్మా. మజ్జిగ అనుకొని. నేను ఏమన్న అన్ననా?”

అప్పుడు తెలిసింది, ఆ ఇంట్లో దాచేది మేమిద్దరమే అనుకున్నాం గానీ, దాచేవాళ్లు ముగ్గురని.

అయినా నేను మారలేదు. నేను మారింది జ్యేష్ఠంలో, బహదూర్‌పురా దాటాక.

కిషన్‌బాగ్‌లో మా చెల్లెలికి ఒంట్లో బాగాలేదని భిక్షపతి ఆటోలో బయలుదేరాను. ఎండాకాలం సెలవులై పిల్లల బళ్లు కొత్తగా తెరిచారు. వాడు ఆ పూట మంచి హుషారుగా ఉన్నాడు. ఆరు వరసలూ తప్పు లేకుండా చెప్పాడు మరి. వాడి పెండ్లికి మా చెల్లెలు పెట్టిన పేచీ గురించి చెప్పి నన్ను నవ్విస్తున్నాడు. కుడివైపు నుంచి బుర్ఖా వేసుకున్న ఒకామె, స్కూలు బట్టల్లో ఉన్న చిన్న పిల్ల చెయ్యి పట్టుకొని, రోడ్డు దాటడానికి దిగింది. నేను చూశాను. వాడూ చూసే ఉంటాడనుకున్నాను. బండి వేగం తగ్గలేదు. ఆమె పిల్లను రెక్క పట్టుకొని వెనక్కి గుంజింది.

నేను సీట్లో వెనక్కి తిరిగి చూశాను. పిల్ల నిలబడే ఉంది. ఒక కాలికే చెప్పుంది. రెండోది రోడ్డు మధ్యలో బోర్లా పడి ఉంది. “అంధే హో క్యా!” అని, కండ్లు కనపడవా అని తల్లి అరుస్తోంది.

“ఎవల్నో తిడ్తున్నది” అన్నాడు నా కొడుకు. మళ్లీ పెండ్లి పేచీ అందుకున్నాడు.

చెల్లెలింట్లో ఏం తిన్నానో, ఏం మాట్లాడానో తెలియదు. వాడు పిల్లను తాకబోయినందుకు కాదు నాకు వణుకు వచ్చింది. ఎంత మంచి డ్రైవరుకైనా తప్పు జరుగుతుంది. వాడికి జరిగిందే తెలియలేదు. తిరుగుదారిలో ఆ చోటు రాగానే చూశాను. చెప్పు లేదు. తీసుకొనే ఉంటారు. అయినా మూడు రోజులు నాకు అది అక్కడే కనిపించింది.

వాడికి చెప్పి మానిపించొచ్చు కదా అంటారు. చెప్పాను. ఇంకో పద్ధతిలో. బండి కిరాయికి ఇద్దాం, నువ్వు అడ్డాలో ఇంకేదైనా చూసుకో అన్నాను. డాక్టరు కాగితం రానీ, అప్పుడు చూద్దాం అన్నాడు. కాగితం వస్తే ఐదేళ్లు ఎవరూ ఆపలేరు. వాడి దగ్గర లేని కన్నును నేను నా తలలోంచి తీసి ఇస్తున్నాను. అది తెలిశాక ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడలేకపోయాను.

డాక్టరు దగ్గరికి పోయే ముందు రోజు సాయంత్రం, నీళ్ల తొట్టి దగ్గర, చివరిసారి అప్పజెప్పించుకున్నాను. మొదటి మూడు వరసలు సరిగ్గా చూపాడు. నాలుగోది మొదలుపెట్టాడు. మీదికి, ఎడమ.

“గట్ల కాదు బిడ్డా,” అన్నాను. “మొదలు కిందికి. కిందికి, ఎడమ, మీదికి, కుడి.”

వాడి చెయ్యి గాలిలోనే ఆగింది. “ఇన్ని దినాలు మీదికి అన్నవ్ గదనే?”

“నేనెన్నడన్న మరిచిపోయిననా?”

వాడు నా ముఖం వైపు తిరిగాడు. ఆ మసక వెలుతురులో ఏం కనిపించిందో, ఎంత కనిపించిందో. చెయ్యి కిందికి దింపాడు. కిందికి, ఎడమ, మీదికి, కుడి. నాతో పాటు రెండుసార్లు అని, కాళ్లు కడుక్కొని లోపలికి పోయాడు.

మర్నాడు వాడు వెళ్లినప్పటి నుంచి నేను గల్లీలో తిరుగుతూనే ఉన్నాను. ఆండాలు రెండుసార్లు అన్నానికి పిలిచింది. మధ్యాహ్నం దాటాక ఆటో వచ్చింది. నడుపుతున్నది ఇస్సాకు. మావాడు వెనక సీట్లో ఉన్నాడు.

ఏమైందో ఇస్సాకే చెప్పాడు. డాక్టరు ఎడమకన్ను మూయించి కుడికన్నుతో చూడమన్నాడట. మూడు వరసలు టకటకా చూపించాడు. నాలుగోది కూడా అంతే ధైర్యంగా చూపించాడు, కానీ మీదికున్నదానికి కిందికి, కిందికున్నదానికి మీదికి. డాక్టరు మళ్లీ చూపమన్నాడు. మళ్లీ అట్లాగే. అప్పుడాయన లేచి, బోర్డును మొల మీది నుంచి తీసి, తలకిందులుగా తగిలించాడు. మావాడు చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడట. కాగితం రాయనన్నాడు గానీ, కోపం చేయలేదట డాక్టరు. సూదుల సంగతి విని, మూడోది ఎప్పుడు వేయించుకోవాలని అడిగాడట.

“నాదే తప్పేమో పెద్దమ్మా” అన్నాడు ఇస్సాకు. వాడి ముఖం చూడలేకపోయాను. “ఆ వరస నేనే ఉల్టా చెప్పిన్నేమో. మా బామ్మర్దిని అడిగి చెప్తె అయిపోవు.”

నా నోరు తెరుచుకుంది. అసలు మాట బయటికి రాబోయింది. అంతలో భిక్షపతి బండి దిగుతూ, “నువ్వు మంచిగనే చెప్పినవ్ అన్నా,” అన్నాడు. “నేనే మరిచిపోయిన.”

ఆటో తాళంచెవి తెచ్చి దేవుడి పటం ముందు పెట్టాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు రోజులు అట్లాగే. ఆండాలు అలికిడి కాకుండా గిన్నెలు తోమింది. నేను వాడి తలాపున కూర్చొనేదాన్ని, లేచేదాన్ని, మళ్లీ కూర్చొనేదాన్ని. నిద్రలో కూడా నా చేతులు కదులుతున్నాయని నందిని చెప్పింది.

ఐదో రోజు పొద్దున వాడు లేచి, మొహం కడుక్కొని, చాయ్ గ్లాసు కోసం తడమకుండా చెయ్యి చాపి ఉంచాడు. ఆండాలు గ్లాసు తెచ్చి ఆ చేతిలో పెట్టింది. సగం తాగాక అడిగాడు.

“రివర్సు ఎట్లున్నది నీది?”

“బండే లేకపాయె. ఎట్లుంటది?” అంది.

“తాళంచెవి ఆడ్నే ఉన్నది.”

అంతే మాట్లాడుకున్నది. జల్‌పల్లి వైపు ఇంకా ఇళ్లు కట్టని కొత్త ప్లాట్లున్నాయి. రోజూ పొద్దున్నే అక్కడికి పోయేవాళ్లు. నన్నూ తీసుకుపోయేవాళ్లు, ఇంట్లో ఉంచితే గల్లీ అరిగిపోతుందని. హద్దురాళ్ల మధ్య ఆండాలు వెనక్కి నడిపేది. వాడు పక్కన నేల మీద నిలబడి, తల వంచి వినేవాడు. అద్దం నమ్మకు, వెనక చక్రం సప్పుడు ఇను అనేవాడు. మట్టి మీద ఒక తీరు, రాయి దగ్గరికి వస్తే ఒక తీరు. రాయికి జానెడు దూరంలో ఉండగా ఆపమనేవాడు. నేను పోయి చూస్తే నిజంగా జానెడే ఉండేది.

ఆండాలు మొదటిసారి పరీక్షలో స్తంభానికి తాకించింది. ఆడమనిషి కదా అని అక్కడెవరో నవ్వితే, నీ మొదటి దినం ఎన్ని స్తంభాలు పడగొట్టినవో చెప్పాల్నా అని ఇస్సాకు అతని నోరు మూయించాడట. వారం తర్వాత రెండోసారి పోయింది. ఈసారి తాకించలేదు.

కార్డు బోనాల వారంలో వచ్చింది. పెట్టె అడుగున దాచిన ఖాకీ గుడ్డ బయటికి రాలేదు. భిక్షపతి తన చొక్కానే తీసి ఇచ్చాడు. ఆండాలు భుజాలు కత్తిరించి కుట్టుకుంది. అంటే కుట్టుపని కూడా కొంత నేర్చుకున్నట్టే. నేను బొగ్గులు రాజేసి ఇస్త్రీ చేశాను. వేల చొక్కాలు చేసిన చెయ్యి, ఆ కాలరు దగ్గర రెండుసార్లు ఆగింది. కొలత ఆండాలుది, కాలరు అరుగుదల నా కొడుకు మెడది.

బోణీ నాతోనే కావాలంది. నేను వెనక కూర్చున్నాను, మావాడు నా పక్కన. సొంత బండిలో వెనక సీటు మీద కూర్చోవడం తెలియక, మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో సర్దుకుంటూనే ఉన్నాడు. అడ్డా దగ్గర ఇస్సాకు హారన్ కొట్టాడు. ఇంకో ఇద్దరు తల తిప్పుకున్నారు. ఆండాలు ఎవరి వైపూ చూడలేదు. ఫ్లైఓవర్ దగ్గర సిగ్నల్ పడింది. బండి మెత్తగా, గీతకు వెనకే ఆగింది. ముందు నుంచి డప్పుల సప్పుడు వస్తోంది. రోడ్డు దాటే జనం మధ్యలో పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లంతా దాటేదాకా నేను ఊపిరి బిగబట్టి చూశాను.

అప్పుడు పక్కన ఏదో కదిలినట్టయింది. భిక్షపతి మోకాలి మీద చెయ్యి పెట్టుకొని, చూపుడువేలు ఒక్కటే కదిలిస్తున్నాడు. మీదికి. ఎడమ. కిందికి. కుడి.

ఇస్సాకు చెప్పిన తీరు. మొదట నేను నేర్పిన తీరు.

వాడు నా వైపు తిరగలేదు. రోడ్డు వైపే చూస్తూ, ఆండాలుకు వినపడకుండా అడిగాడు.

“నాలుగో వరస గిదే గదనే అమ్మా?”

ఆ రోజు డాక్టరు ముందు కూడా వాడికి ఇది గుర్తుందన్నమాట. నీళ్ల తొట్టి దగ్గరా గుర్తుందన్నమాట. గుర్తుండే, నేను చెప్పినట్టు చూపించి వచ్చాడు. వాడి వేలును నా పిడికిట్లోకి తీసుకున్నాను.

“ఏమో బిడ్డా,” అన్నాను. “యాదికి లేదు.”

వాడు చిన్నగా నవ్వాడు. పచ్చలైటు పడింది. ఆండాలు గేరు వేసింది.